ఇద్దరు తండ్రులు పోయిన ఆపరేటర్: డర్బన్ ఫ్యాక్టరీ నుంచి ఒక కేస్ స్టడీ

గేటు దగ్గర పెద్దాయన చేతిలో ముళ్లకొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఆయన తమ్ముడి కొడుకు. వెనకాల సరుకు నింపుకున్న లారీ హారన్ కొడుతోంది. సెక్యూరిటీ గార్డు రిజిస్టరు ముందుకు జరిపి, సంతకం పెట్టమని, సంచి చూపించమని మూడోసారి అడిగాడు. పెద్దాయన నోరు విప్పలేదు. గార్డు వైపు చూడను కూడా లేదు.

అంతకు ఐదు రోజుల ముందు మా ప్రింటింగ్ సెక్షన్‌లో ఒక ఆపరేటర్ నైట్ షిఫ్టులో గుండెనొప్పితో కుప్పకూలాడు. అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది. జులూలంటే దక్షిణాఫ్రికాలోని ఒక పెద్ద జాతి. వాళ్ల కుటుంబాల్లో మనిషి ఇంటి బయట పోతే, పోయిన చోటికి ఇంటిపెద్దలు వచ్చి ఆత్మను ఇంటికి తీసుకెళ్తారు. అందుకు వాడేది ఉమ్‌లాహ్లాన్‌కోసి అనే చెట్టు కొమ్మ. మన రేగుకు దాయాది, అదే జాతి చెట్టు. మనిషి పడిన చోట కొమ్మ ఆనించి, అతన్ని పేరు పెట్టి పిలిచి, ఇంటికి వెళ్దాం రమ్మంటారు. అక్కణ్నుంచి ఇల్లు చేరేదాకా కొమ్మ పట్టుకున్నవాడు ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. దారిలో టాక్సీ ఎక్కితే పోయినవాడికి కూడా ఒక సీటు డబ్బులు కడతారు.

వాళ్లను లోపలికి రానివ్వమని రాసిచ్చింది నేనే. బయటికి వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందన్నది మాత్రం నాకు తట్టలేదు. గార్డు కూడా జులూనే. పెద్దాయన ఎందుకు మాట్లాడటం లేదో నాకంటే అతనికే బాగా తెలుసు. కానీ నెత్తి మీద కెమెరా ఉంది. బయటికి వెళ్లే ప్రతి మనిషినీ తనిఖీ చేయాలని అతని ఏజెన్సీ కాంట్రాక్టులో ఉంది. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే మెషీన్లు ఆపేశారు. నేను పరుగెత్తుకెళ్లి గేటు తీయమంటే, కాగితం మీద రాసిమ్మన్నాడు. అతని తప్పేమీ లేదు. విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాను. గేటు తెరుచుకుంది. ఆ షిఫ్టులో మెషీన్లు మళ్లీ మొదలవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సమ్మె అనలేదు, నినాదం ఇవ్వలేదు. ఊరికే నిలబడ్డారు.

రిసెప్షన్ గోడ మీద మాత్రం 'ఉబుంటు' అని పెద్ద అక్షరాలతో అద్దాల ఫ్రేములో పోస్టరు ఉండేది.

గోడ మీది మాట

ఫ్యాక్టరీ డర్బన్‌కు పడమట, పైన్‌టౌన్ దాటాక వచ్చే పారిశ్రామికవాడలో ఉంది. ప్యాకింగ్ సామాను తయారీ. యాజమాన్యం ఇండియాలోది, కార్మికుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల టౌన్‌షిప్‌ల నుంచి, అంటే నల్లజాతివారి పేటల నుంచి, వచ్చే జులూలు. నేను హెచ్ఆర్ మేనేజరుగా వెళ్లాను. కంపెనీ పేరు అవసరం లేదు. అక్కడ జరిగిన తప్పుల్లో కొన్ని నావి కూడా.

ఉబుంటు గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. 'ఉముంటు న్గుముంటు న్గబంటు' అన్నది సామెత. మనిషి మనిషయ్యేది తోటి మనుషుల వల్లే అని దాని అర్థం. వర్ణవివక్ష పాలన ముగిసే రోజుల్లో 1993 తాత్కాలిక రాజ్యాంగం చివర ఈ మాట చేరింది. 1995లో రాజ్యాంగ న్యాయస్థానం ఉరిశిక్షను కొట్టివేసినప్పుడు జడ్జీలు దీన్ని ప్రస్తావించారు. కంపెనీల పాలన మీద మాజీ న్యాయమూర్తి మెర్విన్ కింగ్ అధ్యక్షతన వచ్చిన నివేదికలు 1994 నుంచి మొదలై, 2016లో నాలుగోది వచ్చేసరికి ఉబుంటు బోర్డురూమ్ పరిభాష అయిపోయింది. జింబాబ్వేకు చెందిన లవ్‌మోర్ ఎంబిగి లాంటివాళ్లు 1990లలోనే దాన్ని మేనేజ్‌మెంట్ శిక్షణలోకి తెచ్చారు. మంచిదే. కాకపోతే మా కంపెనీలో ఆ మాట పోస్టరు మీద ఆగిపోయింది. గేటు రిజిస్టరుదాకా, లీవ్ ఫారందాకా రాలేదు. నేను ఈ కేసు రాయడానికి కారణం అదే. సంస్కృతిని గౌరవించే మేనేజ్‌మెంట్ అంటే చాలామంది ఉపన్యాసం అనుకుంటారు, నా అనుభవంలో అది ఫారంలో ఎన్ని గడులు ఉన్నాయన్న లెక్క.

ఎంక్వయిరీ

గేటు సంఘటన జరిగిన కొద్ది నెలలకే నా టేబుల్ మీదికి ఒక ఫైలు వచ్చింది. డై-కటింగ్, అంటే అట్టను అచ్చుతో కోసే మెషీన్, ఆపరేటర్ మీద చార్జిషీటు. ఏడాదిన్నర కింద తండ్రి పోయాడని మూడు రోజులు జీతంతో సెలవు తీసుకున్నాడు. ఇప్పుడు మళ్లీ తండ్రి పోయాడని మూడు రోజులు తీసుకున్నాడు. మరణ ధ్రువపత్రాలు రెండూ అసలైనవే, పేర్లు వేరు. తప్పుడు సమాచారంతో కంపెనీని మోసం చేశాడన్నది అభియోగం. నిరూపిస్తే ఉద్యోగం ఊడుతుంది.

విచారణలో అధికారి విసుగ్గా, నీకు ఎంతమంది తండ్రులు అని అడిగాడు. అనువాదకుడు అడిగితే అతను మామూలుగా, 'ముగ్గురు. ఇప్పుడు ఒకరే మిగిలారు' అన్నాడు. గదిలో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈసారి పోయినాయన నిన్ను కన్న తండ్రికి అన్నా, తమ్ముడా అని అడిగించాను. అతను మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు. 'అన్న. ఉబాబా ఒమ్‌ఖులు' అన్నాడు.

ఉబాబా అంటే నాన్న. ఒమ్‌ఖులు అంటే పెద్ద. పెదనాన్న!

ఇంగ్లిష్‌లో పనిచేసే విచారణ అధికారికి అది 'అంకుల్'. అంకుల్ చనిపోతే తండ్రి అని రాయడం మోసం. నాకు అలా ఎందుకు అనిపిస్తుంది? మా పెదనాన్న పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, పెద్దకర్మదాకా మాకూ మైలే. నాన్న తమ్ముడు జులూలో చిన్న నాన్న. ఆ మాటలో నాలుకను పళ్లకు ఆనించి, మనం అయ్యో పాపం అన్నట్టు చేసే 'చ్చ్' శబ్దం వస్తుంది, అది నాకు ఎప్పటికీ పట్టుబడలేదు. అమ్మ అక్క ఉమామ్‌ఖులు, అచ్చంగా పెద్దమ్మ. అమ్మ సోదరుడికి వేరే మాట, ఉమలూమే, అంటే మేనమామ. మేనత్తను ఉబబెకాజి అంటారు, ఆడ నాన్న అన్నమాట. పెదనాన్న పిల్లలు అన్నదమ్ములు. మేనత్త, మేనమామ పిల్లలు మాత్రం ఉమ్‌జాలా, వాళ్ల వరస వేరు. ఇంతదాకా చెప్పుకుంటూ వచ్చి, మాలో మేనమామ కూతుర్ని పెళ్లి చేసుకుంటారని నేను నోరు జారాను. షాప్ స్టీవార్డు, అంటే కార్మికుల యూనియన్ ప్రతినిధి, ముఖం అసహ్యంతో ముడుచుకుపోయింది. వాళ్లలో అది మహాపాపం. వారం రోజులు క్యాంటీన్‌లో నన్ను చూసి నవ్వుకున్నారు.

చట్టం సంగతికి వద్దాం. దక్షిణాఫ్రికాలో 1997 నాటి ఉద్యోగ షరతుల చట్టం 27వ సెక్షన్ కింద కుటుంబ బాధ్యతల సెలవు ఏడాదికి 3 రోజులు. మరణానికైతే జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, దత్తత తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, పిల్లలు, మనవలు, తోబుట్టువులు. అంతే. పెదనాన్న లేడు. కాబట్టి ఆ సెలవుకు అతనికి అర్హత లేదన్న హెచ్ఆర్ వాదన కరెక్టే. అబద్ధమాడాడన్న వాదన మాత్రం తప్పు. ఈ రెండూ వేర్వేరు సంగతులని విచారణ అధికారికి అర్థం చేయించడానికి ఒక పూట పట్టింది. చివరికి అభియోగం ఎత్తేసి, ఆ మూడు రోజులను వార్షిక సెలవులో సర్దాం.

యాజమాన్యాన్ని ఒప్పించడానికి నాకు పనికొచ్చింది ఉబుంటు కాదు, ఒక కోర్టు తీర్పు. ప్రిటోరియా దగ్గర ఒక రిసార్టు వంటశాలలో పనిచేసే ఆవిడ, పూర్వీకుల పిలుపు వచ్చిందని, సంగోమాగా అంటే సంప్రదాయ వైద్యురాలిగా శిక్షణ పొందడానికి ఐదు వారాలు జీతం లేని సెలవు అడిగింది. కంపెనీ ఒక వారం ఇస్తానంది. సంప్రదాయ వైద్యుడి దగ్గర ఉత్తరం తెచ్చి ఇచ్చి ఆవిడ వెళ్లిపోయింది, కంపెనీ ఉద్యోగం తీసేసింది. కేసు ఒక్కో మెట్టూ ఎక్కి 2013లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్‌దాకా వెళ్లింది. ప్రతి మెట్టు మీదా ఆవిడే గెలిచింది. ఆ తీర్పు ప్రింటు తీసి ఎండీ టేబుల్ మీద పెట్టాను. లాయరు ఫీజు లెక్క ఆయనే వేసుకున్నాడు.

పెద్దలు, ఉత్తరాలు, పుస్తకం

ఆ తర్వాత మేం చేసిన మొదటి ప్రయత్నం ఘోరంగా ఫెయిలైంది. ఇండాబా పెట్టాం. ఇండాబా అంటే అందరూ కూర్చుని, విషయం తేలేదాకా మాట్లాడుకునే సభ. ఓటింగ్ ఉండదు, గడియారం చూడకూడదు. నాలుగు గంటలు సాగింది. మా ప్రొడక్షన్ మేనేజరుకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. చివరికి తేలిందేమిటంటే, కార్మికుల్లో పెద్దవాళ్లు ముగ్గురు బంధుత్వాన్ని ధ్రువీకరించి ఉత్తరం ఇస్తారు, ఆ ఉత్తరం మీద సెలవు ఇవ్వాలి.

వినడానికి ఎంతో బాగుంది. కొన్ని నెలల్లోనే ఆ ముగ్గురిలో ఒకాయన ఉత్తరానికి ఇంత అని వసూలు చేస్తున్నాడని తెలిసింది. ఫిర్యాదు చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు, పెద్దమనిషి కదా. సంప్రదాయం పేరుతో మేమే ఒక చిన్న సింహాసనం వేసి ఆయన్ను కూర్చోబెట్టాం. గనుల్లో, తోటల్లో ఇండూనాల ద్వారా, అంటే కార్మికుల మీద ఉండే పెద్దల ద్వారా, పని నడిపించిన పాత యాజమాన్యాలు చేసింది ఇదే. ఆ చరిత్ర నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

ఇంకో లోపం సభలోనే ఉంది. ప్యాకింగ్ సెక్షన్‌లో సగానికి పైగా ఆడవాళ్లు. నాలుగు గంటల ఇండాబాలో వాళ్లలో ఒక్కరూ మాట్లాడలేదు. జులూలలో హ్లోనిపా అనే మర్యాద ఉంది. పెళ్లయిన ఆడపిల్ల మామగారి పేరు పలకదు, ఆ పేరులోని అక్షరాలు వచ్చే మాటలను కూడా తప్పించి వేరే మాటలు వాడుతుంది. మొగుడి పేరు చెప్పమంటే సిగ్గుపడి తల తిప్పుకునే మా నాయనమ్మ గుర్తొచ్చింది. పెద్దల ఎదుట మాట్లాడమని మైకు ఇస్తే ఏం మాట్లాడతారు? వారం తర్వాత మా క్యాంటీన్ సూపర్‌వైజరు టీ టైములో వాళ్లతో విడిగా కూర్చుంది, నేను వెళ్లలేదు. దారి చూపింది వాళ్లే.

వాళ్లు చెప్పిందిది: ఉత్తరాలెందుకు, మా పుస్తకం ఉంది కదా. అక్కడ దాదాపు ప్రతి పేటలో అంత్యక్రియల సంఘం ఉంటుంది, ఉమాసింగ్‌క్వబానే అంటారు. మన చిట్టీలాగా నెలనెలా కడతారు, సభ్యుల ఇంట్లో ఎవరైనా పోతే ఖర్చుకు డబ్బు వస్తుంది. ఎవరెవరి చావుకు డబ్బు ఇవ్వాలో సభ్యులు చేరినప్పుడే పేర్లు, వరసలతో సహా రాయిస్తారు. చావు తర్వాత పేరు ఎక్కించడం కుదరదు, ఎందుకంటే మిగతా సభ్యుల జేబుకు చిల్లు. అంటే మాకు కావలసిన రికార్డు, మాకంటే ఖచ్చితంగా, ఎప్పటినుంచో వాళ్ల దగ్గరే ఉంది. ఆ పుస్తకంలో పేరుంటే చాలన్నాం. ముగ్గురు పెద్దల పద్ధతి చప్పుడు లేకుండా ఎత్తేశాం.

చివరికి స్థిరపడిన పద్ధతి సాదాగానే ఉంది. జీతంతో ఇచ్చే 3 రోజులు అలాగే ఉంచి, వరసల జాబితా పెంచాం. ఏడాది పరిమితి మారలేదు కాబట్టి ఖర్చు అదుపు తప్పే ప్రశ్నే లేదు. అందరి కజిన్లూ చచ్చిపోతారని భయపడిన మా ఫైనాన్స్ ఆయనకు ఇది చెప్పడానికి మూడు మీటింగులు పట్టాయి. ఆ రోజులు అయిపోతే షిఫ్టు మార్చుకోవచ్చు, లేదా జీతం లేని సెలవు, ముందే చెబితే క్రమశిక్షణ చర్య ఉండదు. అక్కడ సమాధి చేసేది మామూలుగా శనివారం పొద్దున, ముందు రోజు రాత్రంతా ఉమ్‌లిండెలో, అంటే జాగరణ. అందుకే శుక్రవారం షిఫ్టు తెల్లవారుజామున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాం. గేటు రూలూ మార్చాం. కొమ్మతో వచ్చినవాళ్లకు హెచ్ఆర్ మనిషి ఒకరు తోడుండి, సంతకం తనే పెడతారు, తనిఖీ ఉండదు.

మా అకౌంట్స్‌లో డర్బన్‌లోనే పుట్టిన తెలుగాయన ఒకరు ఉండేవారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరాక, చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చిన కుటుంబాల సంతతి. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నాటిది, ఆయన దానిలో సభ్యుడు. తెలుగు మాట్లాడటం రాదు గానీ పెదనాన్న, పిన్ని అన్న మాటలు మిగిలాయి. కొత్త జాబితా చూసి, 'ఇన్నేళ్లూ మీ ఫారంలో నాకూ చోటు లేదు, నన్నెవరూ అడగలేదు' అన్నాడు. నేనూ అడగలేదు.

టెంట్ హౌస్

సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, డబ్బు కథ దీని వెనకే వచ్చింది. ఇండియాలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. డర్బన్‌లో పెట్టిన ఖర్చు ఆ 2 శాతంలోకి రాదు. దక్షిణాఫ్రికా లెక్క వేరు. నల్లజాతివారికి ఆర్థిక భాగస్వామ్యం పెంచే బీ-ట్రిపుల్-ఈ స్కోర్‌కార్డులో సామాజిక-ఆర్థికాభివృద్ధికి పన్ను పోను లాభంలో 1 శాతం లక్ష్యం, దానికి 5 పాయింట్లు. చిన్న సంస్థలను నిలబెట్టడానికి వేరే పద్దు. స్కోరు తగ్గితే పెద్ద కస్టమర్లు ఆర్డర్లు తగ్గిస్తారు. కనుక ఖర్చు పెట్టేవాళ్లం. నేను వెళ్లేసరికే ఒక స్కూల్లో కంప్యూటర్ గది కట్టించి ఉంది. పెద్ద అట్టముక్క చెక్కుతో ఫొటో కూడా ఉంది. గదికి తాళం ఉంది. కేబుల్ దొంగలు రెండుసార్లు వచ్చాక హెడ్‌మాస్టరు ఇక తెరవలేదు.

ఈసారి ఏం కావాలో ముందు ఆడవాళ్లను, తర్వాత సభను అడిగాం. టెంట్లు, కుర్చీలు, మూడు కాళ్ల ఇనుప డేగిసాలు, మొబైల్ టాయిలెట్లు కావాలన్నారు. ప్రతి శనివారం ఏదో ఒక ఇంట్లో అంత్యక్రియలు, వందలమందికి భోజనాలు, అద్దె సామాను ఊళ్లోంచి తేవాలి, అద్దె వాళ్లు అడిగినంత. అంటే వాళ్లకు కావలసింది మన భాషలో టెంట్ హౌస్. ఆ అద్దె డబ్బు పేటలోనే ఉండాలన్నది వాళ్ల ఆలోచన.

ఇండియా ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్ నాకింకా గుర్తుంది. వార్షిక నివేదికలో చావు సామాను ఫొటో ఎలా వేస్తామని. వేయకండి అన్నాను. ఉద్యోగుల ఇళ్లకే మేలు జరిగితే స్కోర్‌కార్డులో లెక్కకు రాదని కన్సల్టెంటు గట్టిగా చెప్పాడు, అది నిజం కూడా. ఆ చిక్కు తీరింది సహకార సంఘంతో. 2005 సహకార చట్టం ప్రకారం ఐదుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. మా ఉద్యోగులు కాని పేట ఆడవాళ్లు సంఘం పెట్టారు. మేం సామాను కొనిచ్చి, ఒక ఏడాది పద్దులు రాయడం నేర్పించాం. పద్దులు నేర్పింది మా తెలుగాయనే. ధ్రువీకరణకు వచ్చిన ఏజెన్సీ అన్ని కాగితాలూ తిరగేసి, చిన్న సంస్థల అభివృద్ధి పద్దు కింద ఒప్పుకుంది.

గొడవలు లేకపోలేదు. పలుకుబడి ఉన్న ఒకాయన తన ఇంటి కార్యానికి సామాను ఉచితంగా వాడుకుని, చిరిగిన టెంటు తిరిగిచ్చాడు. సంఘం రెండుగా చీలినంత పనైంది. డబ్బు ఇచ్చినవాళ్లం కదా తీర్పు చెప్పమని మా దగ్గరకు వచ్చారు. మేం చెప్పలేదు. అది సరైన పనో కాదో నాకిప్పటికీ తెలియదు. చివరికి వాళ్లే డిపాజిట్ రూలు పెట్టుకున్నారు. వానాకాలంలో పెళ్లిళ్లకు కూడా అద్దెకివ్వడం మొదలుపెట్టాక గిట్టుబాటైంది.

2021 జులై

ఈ కేసు ఎక్కడ చెప్పినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. 2021 జులైలో మాజీ అధ్యక్షుడు జుమాను జైలుకు పంపాక డర్బన్ ఉన్న రాష్ట్రం క్వాజులు-నటాల్ అట్టుడికింది. గోదాములు, మాల్స్, ఫ్యాక్టరీలు లూటీ అయ్యాయి, తగలబడ్డాయి. జొహానెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్రంతో కలిపి 350 మందికి పైగా చనిపోయారు. మీ ఫ్యాక్టరీని మీ కార్మికులే కాపాడారట కదా అంటారు.

కొంతమంది మూడు రాత్రులు గేటు దగ్గర కాపలా ఉన్నారు. నిజమే. వాళ్లలో ఆ డై-కటింగ్ ఆపరేటర్ కూడా ఉన్నాడు. కానీ మా ఫ్యాక్టరీ మెయిన్ రోడ్డుకు లోపలగా ఉంది, మా దగ్గర ఎత్తుకెళ్లి అమ్ముకోదగ్గ సరుకు లేదు, అట్టపెట్టెలు ఎవరికి కావాలి? మాకంటే కార్మికులను బాగా చూసుకునే కంపెనీ ఒకటి రెండు కిలోమీటర్ల అవతల బూడిదైంది. మా స్టోర్‌లోంచీ కొంత సామాను పోయింది, లోపలి మనిషి చెయ్యి లేకుండా పోయే సామాను కాదది. కాబట్టి లీవ్ పాలసీకి, ఆ మూడు రాత్రులకు ముడిపెట్టి స్లైడు తయారు చేయమని ఎండీ అడిగితే చేయలేదు.

అసలు ఫలితాలేమిటంటే, మొత్తం గైర్హాజరు చెప్పుకోదగినంత తగ్గలేదు. చావులు మా పాలసీ చూసి ఆగవు కదా. తగ్గింది చెప్పకుండా మానేయడం. శుక్రవారం రావట్లేదని బుధవారమే చెబితే బదులు మనిషిని పెట్టుకోవచ్చు, ఓటీ ప్లాన్ చేసుకోవచ్చు. తప్పుడు సెలవు పేరుతో పెట్టే చార్జిషీట్లు దాదాపు ఆగిపోయాయి. ప్రొడక్షన్ మేనేజరు కూడా శుక్రవారం షిఫ్టు పాతదానికి మార్చమని మళ్లీ అడగలేదు. చెడ్డ ఫలితమూ ఒకటుంది. జాబితాలో వరసలు పెరిగాక, మా చెల్లెలి కొడుక్కి ఉద్యోగం ఇవ్వండి, వాడూ నా కొడుకే కదా అన్న అడుగులు కూడా పెరిగాయి. సెలవులో ఒప్పుకున్న వరసను ఉద్యోగంలో ఎలా కాదంటారన్నది వాళ్ల వాదన. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. రాత పరీక్ష పెట్టి తప్పించుకున్నాను.

నేను తిరిగొచ్చేసిన తర్వాతి ఏడాది కంపెనీ అన్ని దేశాలకూ ఒకే హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఒక రాత్రి డర్బన్ నుంచి క్యాంటీన్ సూపర్‌వైజరు ఫోన్ చేసింది, ఇప్పుడు ఆవిడ హెచ్ఆర్‌లో ఉంది. స్క్రీన్ మీద బంధుత్వం అని గడి ఉంది, నొక్కితే భాగస్వామి, తల్లి/తండ్రి, సంతానం, తోబుట్టువు అని నాలుగే వస్తున్నాయి, ఇతరులు అన్నది లేదు. ఎదురుగా ఒకతను నిలబడి ఉన్నాడు, అతని చిన్నాన్న పోయాడు, ఏం నొక్కాలి అని అడిగింది.

తండ్రి అని నొక్కమన్నాను.